కదలికకు ముందే కండరంలో కరెంటు

ముంజేతి కండరం బిగుసుకునే ముందు దానిలో సన్నని విద్యుత్తు పుడుతుంది. వెన్నుపాములోని నాడీకణం నుంచి బయలుదేరిన ఆజ్ఞ కండర తంతువును చేరగానే ఆ తంతువు పొడవునా సెకనుకు సుమారు నాలుగు మీటర్ల వేగంతో ఒక విద్యుత్ అల పాకుతుంది. తంతువు కుంచించుకోవడం ఆ తర్వాత జరుగుతుంది. వందలాది తంతువుల్లో పుట్టిన ఈ అలలన్నీ కలిసి చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడ్‌కు కొన్ని మైక్రోవోల్టుల నుంచి కొన్ని మిల్లీవోల్టుల దాకా అందుతాయి. వాటిలో పనికొచ్చే భాగం ఎక్కువగా సెకనుకు 20 నుంచి 500 కంపనాల మధ్య ఉంటుంది. ఈ సంకేతాన్ని నమోదు చేయడాన్ని ఎలక్ట్రోమయోగ్రఫీ అని, పొట్టిగా ఈఎంజీ అని అంటారు. నరాల వైద్యుల దగ్గర చేయించే ఈఎంజీ పరీక్షలో చూసేది కూడా ఇదే.

విద్యుత్తు కనిపించాక సుమారు 30 నుంచి 100 మిల్లీసెకన్లకు గాని కీలు దగ్గర బలం కనిపించదు. కండర సంకేతం నుంచి కదలికను ముందే అంచనా వేయడానికి ఆధారం ఈ చిన్న వ్యవధి. సంకేతాన్ని చదవగలిగితే చెయ్యి ఎటు కదలబోతోందో అది కదలకముందే చెప్పవచ్చు. చెయ్యి కోల్పోయినవారి విషయంలోనైతే లేని చేతిని వారు ఎలా కదపాలనుకుంటున్నారో చెప్పవచ్చు.

ఇప్పుడు ఈ పని ఎక్కువగా మెషీన్ లెర్నింగ్‌తో సాగుతోంది. కానీ దీని వెనుక రెండు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. ముందుగా కండరంలో విద్యుత్తు ఉందని రుజువు చేయాల్సి వచ్చింది. తర్వాత దాన్ని పెద్దది చేసి వినగలిగారు, దానితో మోటారు తిప్పగలిగారు, చివరగా దాని అర్థాన్ని యంత్రానికి నేర్పగలిగారు. తొలి కృత్రిమ చేతుల కాలంలో యంత్రానికి అర్థమయ్యేలా కండరాన్ని బిగించడం మనిషే నేర్చుకున్నాడు. మనిషి మామూలుగా బిగించే తీరును యంత్రం నేర్చుకోవడం మొదలైనప్పుడు ఈ చరిత్ర మలుపు తిరిగింది.

కప్ప కాలు నుంచి మనిషి చెయ్యి దాకా

ఇటలీలోని బొలోన్యాలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించే లూయీజీ గాల్వానీ 1780ల్లో కోసిన కప్పకాళ్ల మీద ప్రయోగాలు చేశాడు. పక్కన ఉన్న విద్యుత్ యంత్రంలో నిప్పురవ్వ పుట్టినప్పుడు నరానికి లోహపు కత్తి తగిలి ఉంటే కాలు ఎగిరిపడేది. రెండు వేర్వేరు లోహాలతో నరాన్నీ కండరాన్నీ కలిపినా అలాగే జరిగేది. జంతువుల శరీరంలోనే ఒక విద్యుత్తు ఉందని ఆయన 1791లో ప్రకటించాడు. పావియాలోని అలెస్సాండ్రో వోల్టా దీన్ని ఒప్పుకోలేదు. విద్యుత్తు పుడుతున్నది రెండు లోహాల కలయిక వల్లనేనని, కప్పకాలు దాన్ని పసిగట్టే పరికరం మాత్రమేనని వాదించాడు. ఆ వాదన వోల్టాను 1800లో తొలి బ్యాటరీ దాకా తీసుకెళ్లింది. గాల్వానీ లోహం తగలకుండానే కండరాన్ని కదిలించి చూపినా, బ్యాటరీ సాధించిన విజయం ముందు ఆ ప్రయోగం మరుగున పడింది. నిజానికి ఇద్దరూ చెరో సగం సరిగ్గానే చెప్పారు.

తర్వాతి తరంలో కార్లో మాట్టెయూచీ 1830ల చివర, 1840ల్లో గాల్వనోమీటర్‌తో కప్ప కండరాల విద్యుత్తును కొలిచాడు. ఒక కప్పకాలి కండరం బిగిసినప్పుడు దానిమీద ఆనించిన రెండో కప్ప నరం కూడా ఉత్తేజపడి, రెండో కాలు ఎగిరిపడుతుందని చూపాడు. మాట్టెయూచీ రచన చదివిన బెర్లిన్ యువకుడు ఎమిల్ డు బోయిస్-రేమండ్ ఈ పనినే తన జీవితానికి కేంద్రంగా చేసుకున్నాడు. అంత సన్నని విద్యుత్తును పట్టగల పరికరం బజారులో లేదు. అందుకని 24 వేలకు పైగా చుట్లతో గాల్వనోమీటర్ తీగను ఆయన తానే చుట్టుకున్నాడు.

మనిషి శరీరంలో, స్వయంగా బిగించిన కండరం నుంచి విద్యుత్తును ఆయన తొలిసారి 1849 ప్రాంతంలో చూపాడు. మనిషి రెండు చేతుల వేళ్లను రెండు ఉప్పునీటి పాత్రల్లో ముంచి ఒక చేతిని గట్టిగా బిగించినప్పుడు గాల్వనోమీటర్ ముల్లు కదిలింది. చర్మం విద్యుత్తును ఎక్కువగా అడ్డుకుంటోందని గ్రహించి, చర్మం మీద బొబ్బ లేపి పైపొర తీసేసి మళ్లీ కొలిచాడు. ఈసారి ముల్లు ఎంతో ఎక్కువగా జరిగింది. చర్మానికీ ఎలక్ట్రోడ్‌కూ మధ్య ఉండే ఆ అడ్డంకి ఈనాటికీ ఈ రంగంలో తలనొప్పిగానే ఉంది.

అదే శతాబ్దంలో ఫ్రాన్స్‌లో గియోమ్ డుషెన్ ఈ ప్రశ్నను తిప్పి అడిగాడు. కండరంలోకి బయటి నుంచి విద్యుత్తు పంపి ఏ కండరం ఏ కదలికకు కారణమో వరుసగా రాసుకున్నాడు. 1867లో వచ్చిన ఆయన గ్రంథం శరీర కదలికల్లో ఒక్కో కండరం పాత్రను వివరించింది. ఒక మామూలు కదలికలో కూడా ఏ కండరమూ ఒంటరిగా పనిచేయదనే గమనిక ఆ పనిలోనే బలపడింది. వందేళ్ల తర్వాత కృత్రిమ చెయ్యి చేసే ఇంజనీర్లకు ఈ గమనికే సవాలు విసిరింది, దారి కూడా చూపింది.

సంకేతాన్ని వినగలిగిన కాలం

గాల్వనోమీటర్ ముల్లు బరువైనది. సెకనుకు వందసార్లు మారే సంకేతం వెంట అది పరిగెత్తలేదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెమ్ ఐంట్‌హోవెన్ 1900ల మొదట్లో వెండిపూత పూసిన సన్నని క్వార్ట్జ్ దారంతో స్ట్రింగ్ గాల్వనోమీటర్ తయారుచేశాడు. గుండె కోసం పుట్టిన ఆ పరికరాన్ని జర్మనీలో హన్స్ పైపర్ 1907 నుంచి మనుషుల కండరాల మీద వాడాడు. గట్టిగా బిగించిన కండరంలో సెకనుకు సుమారు 50 సార్లు వచ్చే లయను ఆయన గమనించాడు. కండరం అలసిపోయేకొద్దీ సంకేతం నెమ్మదించడం కూడా ఆయన కంటపడింది. అలసిన కండరంలో విద్యుత్ అల వేగం తగ్గడం వల్ల ఇలా జరుగుతుంది. పొద్దున నేర్చుకున్న పాఠం సాయంత్రానికి యంత్రానికి ఎందుకు పనికిరాకుండా పోతుందో చెప్పే కారణాల్లో ఇది ఒకటి.

వాక్యూమ్ ట్యూబుల ఆంప్లిఫయర్లు వచ్చాక చిన్న సంకేతాన్ని వేల రెట్లు పెంచడం సాధ్యమైంది. 1922లో జోసెఫ్ అర్లాంగర్, హెర్బర్ట్ గాసర్ కేథోడ్ రే ఆసిలోస్కోప్‌ను నరాల సంకేతాల కోసం వాడారు. బరువే లేని ఎలక్ట్రాన్ కిరణం ఎంత వేగమైన మార్పునైనా తెర మీద గీసేది. 1929లో ఎడ్గార్ ఏడ్రియన్, డెట్లెవ్ బ్రాంక్ సూదిలో సన్నని తీగ దూర్చి చేసిన ఎలక్ట్రోడ్‌ను కండరంలోకి గుచ్చి, ఆ సంకేతాన్ని లౌడ్‌స్పీకర్‌కు కలిపారు. కండరం పని చేస్తున్నప్పుడు పుట్టే టకటక శబ్దం అప్పుడు గదిలో అందరికీ వినబడింది. ఈఎంజీ పరీక్ష గదుల్లో ఆ శబ్దం నేటికీ వినిపిస్తుంది.

ఆ శబ్దాల్లో ఒక్కో టక్కు ఒక్కో మోటార్ యూనిట్‌కు చెందినది. ఒక నాడీకణాన్నీ దాని ఆజ్ఞతో కదిలే కండర తంతువులన్నిటినీ కలిపి చార్లెస్ షెరింగ్టన్ ఈ పేరుతో పిలిచాడు. కంటిని తిప్పే కండరంలో ఒక నాడీకణం కింద ఉండే తంతువులు కొద్దే. పిక్క కండరంలో అవి వెయ్యి దాటుతాయి. బలం పెంచాలంటే నాడీ వ్యవస్థ రెండు పనులు చేస్తుంది: కొత్త యూనిట్లను పనిలోకి దించుతుంది, ఇప్పటికే పనిచేస్తున్నవాటిని మరింత వేగంగా మోగిస్తుంది. చర్మం మీద కొలిచే సంకేతం ఈ టక్కులన్నీ ఒకదానిమీద ఒకటి పడగా మిగిలిన మొత్తం. కల్యాణమండపం గోడ అవతల నిలబడి లోపలి మాటలు వింటే సందడి పెరిగిందా తగ్గిందా అన్నది తెలుస్తుంది గాని ఎవరేమన్నారో తెలియదు. ఉపరితల ఈఎంజీ అందించేదీ అంతే.

ఒక కండరం, ఒక మోటారు

ఆ సందడి పెరగడం, తగ్గడం మాత్రమే చాలుననుకున్నవారు తొలి విద్యుత్ చేతులు తయారుచేశారు. మ్యూనిక్‌లో భౌతికశాస్త్ర విద్యార్థి రైన్‌హోల్డ్ రైటర్ 1940ల మధ్యలో ఈ పని మొదలుపెట్టి 1948లో వివరాలు ప్రచురించాడు. కండర సంకేతంతో కదిలిన తొలి కృత్రిమ చెయ్యి అదే. వాక్యూమ్ ట్యూబుల వల్ల పరికరం చాలా పెద్దది. తొడుక్కుని తిరగడానికి కాక, కార్ఖానాలో బల్ల దగ్గర కూర్చుని పనిచేసేవారి కోసం దాన్ని ఉద్దేశించాడు. యుద్ధానంతర జర్మనీలో ఆ పని ముందుకు సాగలేదు. మిగతా దేశాల పరిశోధకులకు దాని సంగతి చాలాకాలం తెలియలేదు. 1955లో లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో బ్యాటీ, నైటింగేల్, విల్లిస్ అనే ముగ్గురు ఇదే ఆలోచనను స్వతంత్రంగా ఆచరణలో చూపారు.

ట్రాన్సిస్టర్ రాకతో పరికరం ఒంటి మీదికి వచ్చింది. మాస్కోలో అలెగ్జాండర్ కోబ్రిన్‌స్కీ బృందం 1950ల చివరలో చేసిన చెయ్యి మామూలు వాడకంలోకి వచ్చిన తొలి మయోఎలక్ట్రిక్ (కండర విద్యుత్తుతో నడిచే) చెయ్యి. మణికట్టును లోపలికి మడిచే కండరం బిగిస్తే వేళ్లు మూసుకునేవి, వెనక్కి వంచే కండరం బిగిస్తే తెరుచుకునేవి. బ్యాటరీ, ఎలక్ట్రానిక్స్ నడుముకు కట్టుకోవాలి. బ్రిటన్, కెనడా ఆ చేతి తయారీ హక్కులు కొన్నాయి.

ఈ రంగానికి ఒక్కసారిగా ఊపు రావడానికి కారణం ఒక విషాదం. 1957 నుంచి 1961 దాకా చాలా దేశాల్లో గర్భిణులకు కూడా ఇచ్చిన థాలిడోమైడ్ అనే మందు వల్ల 10 వేలకు పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. ప్రభుత్వాలు కృత్రిమ అవయవాల పరిశోధనకు నిధులిచ్చాయి. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయంలో 1965లో బయో ఇంజనీరింగ్ సంస్థ ఏర్పడింది. రాబర్ట్ స్కాట్ నాయకత్వంలో మొదలైన ఆ సంస్థ తర్వాతి నలభై ఏళ్లలో ఈ కథలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అదే దశాబ్దంలో జర్మన్ సంస్థ ఓట్టో బాక్ మయోఎలక్ట్రిక్ చేతులను మార్కెట్లోకి తెచ్చింది.

అమెరికాలో సైబర్నెటిక్స్ అనే మాటకు ప్రాచుర్యం తెచ్చిన నోర్బర్ట్ వీనర్ ఇలాంటి చెయ్యి సాధ్యమని ముందునుంచే చెబుతూ వచ్చాడు. ఆయన తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఎముకల వైద్యుడు మెల్విన్ గ్లిమ్చర్‌తో జరిపిన సంభాషణల నుంచి బోస్టన్ ఆర్మ్ పుట్టింది. ఎంఐటీ, హార్వర్డ్, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌తో పాటు లిబర్టీ మ్యూచువల్ అనే బీమా సంస్థ కూడా ఇందులో పాలుపంచుకుంది. పనిలో గాయపడిన కార్మికులకు పరిహారం కట్టేది ఆ సంస్థే కాబట్టి వారు తిరిగి పనిలోకి వెళ్లడం దానికి లాభం. 1968లో బయటపెట్టిన ఆ చేతిలో మోచేయి వంగే బలం కండర సంకేతం ఎంత పెద్దదైతే అంత పెరిగేది.

ఈ చేతులన్నిటికీ ఒకే పరిమితి ఉంది. రెండు కండరాల సంకేతాలతో నడిపించగలిగేది ఒక్క కీలునే. చేతిని వదిలి మణికట్టు తిప్పాలంటే రెండు కండరాలనూ ఒకేసారి బిగించి మోటారు మార్చుకోవాలి, పని అయ్యాక మళ్లీ అలాగే వెనక్కి రావాలి. గ్లాసు అందుకుని నోటి దాకా తేవడమనే ఒక్క పని విడివిడి ఆజ్ఞల వరుసగా మారిపోయేది. దీనికి వారాల శిక్షణ కావాలి, మనసంతా దాని మీదే పెట్టాలి.

సూత్రంతో లెక్కకట్టే ప్రయత్నం

సంకేతం నుంచి కదలికను నేరుగా లెక్కకట్టవచ్చుననే ఆశ శరీరధర్మ శాస్త్రవేత్తలకు ఉండేది. 1938లో ఎ.వి. హిల్ కండరం ఎంత వేగంగా కుంచించుకుంటే అంత తక్కువ బలం ఇస్తుందని సమీకరణంతో చూపాడు. 1952లో ఓలోఫ్ లిపోల్డ్ పిక్క కండరం మీద కొలిచి, కీలు కదలకుండా బిగించినప్పుడు సంకేతం మొత్తమూ బలమూ దాదాపు సరళరేఖలో పెరుగుతాయని కనుగొన్నాడు. ఈ రెండూ కలిస్తే సూత్రం దొరికినట్టే అనిపించింది.

కీలు కదలడం మొదలవగానే చిక్కులు బయటపడ్డాయి. కండరం పొడవు మారితే అదే సంకేతానికి వేరే బలం వస్తుంది. చర్మం కింద కండరం జరిగిపోవడంతో ఎలక్ట్రోడ్ ఇప్పుడు వేరే తంతువుల మాట వింటుంది. పక్క కండరం సంకేతం కూడా ఇందులో కలుస్తుంది. పాజిటివ్, నెగెటివ్ అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సంకేతం ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. వీటన్నిటికీ మించిన సమస్య ఇంకొకటి. మోచేతిని వంచే కండరాలు ఒకటికి మించి ఉన్నాయి. ఒకే కదలికను శరీరం ఎన్నో రకాలుగా ఆ కండరాల మధ్య పంచుకోగలదు. ఎలక్ట్రోడ్ ఎక్కడ ఎలా అంటించాలో యూరప్‌లో సెనియమ్ అనే ప్రాజెక్టు 1990ల చివరలో ఉమ్మడి సిఫార్సులు చేసింది. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య 20 మిల్లీమీటర్ల దూరం ఉండాలన్నది అందులో ఒకటి. దాంతో కొలతలను పోల్చుకోవడం తేలికైంది. కానీ మనిషి మనిషికీ తేడా మాత్రం పోలేదు.

నమూనాలను గుర్తుపట్టడం

ఏ కండరమూ ఒంటరిగా పనిచేయదన్న పాత గమనికను ఫిలడెల్ఫియాలో ఫిన్లే, విర్టా 1967లో ప్రచురించిన పనిలో తమకు అనుకూలంగా మలచుకున్నారు. మోచేయి పైభాగంలో చెయ్యి కోల్పోయినవారు లేని చేతిని కదపాలనుకున్నప్పుడు భుజం, ఛాతీ, వీపు కండరాలు కూడా ఒక పద్ధతిలో బిగుస్తాయి. ఒక్కో కండరానికి ఒక్కో బరువు ఇచ్చి వాటి మొత్తం ఏ కదలికకు దగ్గరగా ఉందో చూస్తే ఉద్దేశం తెలుస్తుంది. 1970ల మొదట్లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు ఇదే పద్ధతిలో ముంజేతి చుట్టూ ఆరు ఎలక్ట్రోడ్లు అమర్చి వేళ్లు, మణికట్టు కదలికలను గుర్తుపట్టారు. చెయ్యి కోల్పోయిన మనిషి ఇక్కడ కొత్త సంకేత భాష ఏదీ నేర్చుకోలేదు. లేని చేతిని మూస్తున్నట్టు అనుకుంటే చాలు. 1975లో డేనియల్ గ్రౌప్, క్లైన్ ఒక్క ఎలక్ట్రోడ్ సంకేతంలోనే కాలంతో వచ్చే మార్పులను గణిత నమూనాగా రాసి కదలికలను వేరుచేయడానికి ప్రయత్నించారు. ఆలోచన సరైనదే కాని ఆ లెక్కలను వెంటనే చేయగల కంప్యూటర్ అప్పటికి చేతిలో పట్టేంత చిన్నది కాలేదు.

1980ల చివరకు మైక్రోప్రాసెసర్లు చవకయ్యాయి. ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌లకు శిక్షణ ఇచ్చే బ్యాక్‌ప్రాపగేషన్ పద్ధతి 1986లో విస్తృత ప్రచారంలోకి వచ్చింది. జపాన్‌లో, కెనడాలో వెంటనే వాటిని ఈఎంజీ మీద పరీక్షించారు. 1993లో న్యూ బ్రన్స్‌విక్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నీ హడ్జిన్స్, ఫిలిప్ పార్కర్, రాబర్ట్ స్కాట్ ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి తర్వాతి రెండు దశాబ్దాల బాట వేసింది.

కండరం బిగుసుకున్న మొదటి క్షణంలో సంకేతం గందరగోళంగా కనిపించినా కదలికను బట్టి దానికి ఒక తీరు ఉంటుందని వారు గమనించారు. మొదటి 200 మిల్లీసెకన్లను చిన్న చిన్న ముక్కలుగా చేసి ఒక్కో ముక్క నుంచి కొన్ని తేలిక కొలతలు తీశారు. సంకేతం సగటు పరిమాణం ఎంత, సున్నా గీతను ఎన్నిసార్లు దాటింది, ఏటవాలు ఎన్నిసార్లు దిశ మార్చుకుంది, వంపుల పొడవంతా కలిపితే ఎంత వంటివే ఈ కొలతలు. ఇవన్నీ కూడికలు, పోలికలతో తేలేవే కాబట్టి చిన్న ప్రాసెసర్ సరిపోతుంది. వీటిని న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇస్తే అది మోచేయి వంచడం, చాపడం, ముంజేయి లోపలికి, బయటికి తిప్పడం వంటి నాలుగు కదలికలను వేరుచేసింది. ప్రతి మనిషి దగ్గరా కొన్ని ఉదాహరణలు నమోదు చేసి ఆ మనిషికి తగ్గట్టు నెట్‌వర్క్‌ను తీర్చిదిద్దారు. సూత్రం రాయాల్సిన పని లేకపోయింది. సంకేతానికీ కదలికకూ ఉన్న సంబంధాన్ని ఉదాహరణలే నేర్పాయి.

ఇందులో ఒక ఇబ్బంది మిగిలింది. ప్రతి కదలికకూ ముందు కండరాన్ని వదులు చేసి మళ్లీ మొదలుపెట్టాలి. 2003లో కెవిన్ ఎంగ్లెహార్ట్, హడ్జిన్స్ దీన్ని తొలగించారు. ఒకదానిపై ఒకటి కొంత పడేలా కాలాన్ని కిటికీలుగా తీసుకుని, ప్రతి కొన్ని పదుల మిల్లీసెకన్లకు ఒక నిర్ణయం చెప్పించారు. ఇటీవలి నిర్ణయాల్లో ఎక్కువసార్లు వచ్చినదాన్నే మోటారుకు పంపారు. దాంతో ఒక కదలిక నుంచి మరో కదలికలోకి ఆగకుండా మారడం సాధ్యమైంది. కిటికీ పెద్దదైతే తప్పులు తగ్గుతాయి, ఆలస్యం పెరుగుతుంది. 300 మిల్లీసెకన్ల ఆలస్యం దాటితే చెయ్యి తమ మాట వినడం లేదని వాడేవారికి తెలిసిపోతుందని అంచనా. 2007లో ఫారెల్, వీర్ జరిపిన పరీక్షల్లో 100 నుంచి 125 మిల్లీసెకన్ల ఆలస్యం తగినదని తేలింది. అప్పటినుంచి ఈ రంగంలో పద్ధతులు ఆ గడువును దృష్టిలో పెట్టుకోవాల్సి వచ్చింది.

పేరు పెట్టడం నుంచి కోణం చెప్పడం దాకా

ఇది పిడికిలి, ఇది మణికట్టు తిప్పడం అని పేరు పెట్టడం ఒక ఎత్తు. ఈ క్షణంలో కీలు ఏ కోణంలో ఉంది, ఎంత బలంతో తిరుగుతోంది అని చెప్పడం మరో ఎత్తు. 1995లో జపాన్‌లోని ఏటీఆర్ పరిశోధనశాలలో యసుహారు కోయికె, మిత్సువో కవాటో చేతిలోని పలు కండరాల సంకేతాల నుంచి భుజం, మోచేయి దగ్గరి బలాలను న్యూరల్ నెట్‌వర్క్‌తో అంచనా వేసి, వాటి నుంచి చెయ్యి కదిలే దారిని తిరిగి రాబట్టారు. నడకలో కాలి కండరాల సంకేతాలకూ కీళ్ల కదలికకూ ఉన్న సంబంధం మీద కూడా అదే దశకంలో ఇలాంటి పని జరిగింది.

దీని ఫలం కాళ్లకు తొడిగే యంత్రాల్లో కనిపించింది. త్సుకుబా విశ్వవిద్యాలయంలో యోషియుకి సంకాయ్ అభివృద్ధి చేసిన హాల్ అనే తొడుగు తొడ, మోకాలి కండరాల సన్నని సంకేతాలను పట్టి, మనిషి అడుగు వేయాలనుకున్నప్పుడు కీలు దగ్గరి మోటారుతో సాయం చేస్తుంది. దాన్ని తయారుచేయడానికి సైబర్‌డైన్ సంస్థ 2004లో ఏర్పడింది. కండరం నుంచి బలం పుట్టేలోపు ఉండే ఆ కొన్ని పదుల మిల్లీసెకన్లే ఇక్కడ మోటారుకు కలిసొచ్చే సమయం.

ఈ దారిలో రెండు పద్ధతులు నేటికీ సమాంతరంగా నడుస్తున్నాయి. ఒకటి హిల్ సమీకరణాన్నీ ఎముకల కొలతలనూ ఉంచి తెలియని విలువలను మాత్రమే డేటా నుంచి నేర్చుకునేది. రెండోది సంకేతం నుంచి కోణం దాకా అంతా నెట్‌వర్క్‌కే వదిలేసేది. మొదటిదానికి కొద్ది డేటా చాలు, శరీరానికి అసాధ్యమైన జవాబు అది చెప్పదు. డేటా పుష్కలంగా ఉన్నప్పుడు రెండోదాని అంచనాలు మెరుగ్గా ఉంటాయి.

నరాన్ని కొత్త కండరానికి కలిపిన శస్త్రచికిత్స

భుజం దగ్గరే చెయ్యి పోతే చదవడానికి కండరమే మిగలదు. చికాగోలో టాడ్ కైకెన్, శస్త్రవైద్యుడు గ్రెగరీ డ్యూమేనియన్ దీనికి శరీరంలోనే పరిష్కారం వెతికారు. చేతికి వెళ్లాల్సిన నరాలు తెగినా వాటిలో ఆజ్ఞలు పారుతూనే ఉంటాయి. ఆ నరాలను ఛాతీ కండరానికి కలిపితే చెయ్యి మూయాలనుకున్నప్పుడు ఛాతీలో ఒక భాగం బిగుస్తుంది, ఆ సంకేతాన్ని చర్మం మీద నుంచి పట్టుకోవచ్చు. 2002లో, విద్యుత్ ప్రమాదంలో రెండు చేతులూ కోల్పోయిన ఒక లైన్‌మన్‌కు ఈ శస్త్రచికిత్స చేశారు. మోచేయి, చెయ్యి రెండింటినీ ఆయన ఒకేసారి తలచుకుని కదపగలిగాడు. 2013లో అదే బృందం కాలికి సంబంధించిన ఫలితాలు ప్రచురించింది. తొడ కండరాల సంకేతాలతో నడిచే మోకాలు, చీలమండ గల కృత్రిమ కాలితో, నరాలను అలా మార్చిన ఒక వ్యక్తి అంతకు ముందు ఏడాది చికాగోలోని విల్లిస్ టవర్‌లో 103 అంతస్తుల మెట్లెక్కాడు. అదే కాలంలో ఆ పరిశోధనలోంచి పుట్టిన కోఆప్ట్ సంస్థ నమూనాలను గుర్తుపట్టే కంట్రోలర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 1967లో మొదలైన ఆలోచన ప్రయోగశాల దాటడానికి నాలుగున్నర దశాబ్దాలు పట్టింది.

పెద్ద డేటా, లోతైన నెట్‌వర్క్‌లు

అప్పటిదాకా ప్రతి పరిశోధనశాలా తన దగ్గరి పది పన్నెండు మంది సంకేతాలతో ఫలితం ప్రకటించేది. ఒకరి పద్ధతిని మరొకరి పద్ధతితో పోల్చడానికి వీలుండేది కాదు. స్విట్జర్లాండ్‌లో మాన్‌ఫ్రెడో అట్జోరి, హెన్నింగ్ ముల్లర్ తదితరులు మొదలుపెట్టిన నినాప్రో ఈ లోటు తీర్చింది. 2014లో వివరించిన ఆ సంకలనంలో చేతులున్న 67 మందివి, చెయ్యి కోల్పోయిన 11 మందివి సంకేతాలు ఉన్నాయి. ఒక్కొక్కరి నుంచి పదుల కొద్దీ చేతి కదలికలు నమోదయ్యాయి. ఎవరైనా దాన్ని వాడుకోవచ్చు.

అదే కాలంలో కెనడా సంస్థ థాల్మిక్ ల్యాబ్స్ మయో అనే పట్టీ అమ్మింది. ముంజేతికి తొడుక్కునే ఆ పట్టీలో ఎనిమిది ఎలక్ట్రోడ్లు ఉండేవి. సెకనుకు 200 కొలతలే తీసుకునేది కాబట్టి సంకేతంలో చాలా సమాచారం పోయేది. అయినా చవకగా దొరకడంతో ఎందరో విద్యార్థులు, పరిశోధకులు దానితో పనిచేశారు. 2018లో దాని అమ్మకం ఆగిపోయింది. ఈ డేటా మీద డీప్ లెర్నింగ్ పద్ధతులు వచ్చాయి. హడ్జిన్స్ చేతితో ఎంచిన కొలతలను ఇవి పక్కన పెట్టి, సంకేతం నుంచి ఏది తీయాలో తామే నేర్చుకున్నాయి. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, ఒకే మనిషి మీద కొద్ది డేటాతో పోల్చినప్పుడు పాత కొలతలు, తేలికైన వర్గీకరణ పద్ధతి చాలాసార్లు వాటికి దీటుగానే నిలిచాయి. లోతైన నెట్‌వర్క్‌ల ఆధిక్యం ఎందరో మనుషుల డేటా కలిపినప్పుడు బయటపడింది.

ఆ దిశలో పెద్ద అడుగు న్యూయార్క్ సంస్థ సీటీఆర్ఎల్-ల్యాబ్స్ వేసింది. 2019లో ఫేస్‌బుక్ దాన్ని కొన్నది. ఆ బృందం విడుదల చేసిన ఈఎంజీ2పోజ్ అనే డేటాలో 193 మంది మణికట్టు సంకేతాలు 370 గంటల మేర ఉన్నాయి. కెమెరాలు పట్టిన చేతి ఆకృతి కూడా వాటితో జోడై ఉంది. 2025 జులైలో నేచర్ పత్రికలో వచ్చిన వారి వ్యాసం వేలాది మంది సంకేతాలతో నేర్పిన నమూనాను వివరించింది. శిక్షణ డేటాలో లేని కొత్త మనిషి పట్టీ తొడుక్కుని చేత్తో రాస్తున్నట్టు కదిపితే నిమిషానికి సుమారు 21 పదాలు తెర మీదికి వచ్చాయి. ఆ ఏడాది సెప్టెంబరులోనే మెటా (ఫేస్‌బుక్ కొత్త పేరు) సంస్థ కళ్లద్దాలతో పాటు ఇలాంటి పట్టీని అమ్మకానికి పెట్టింది. ప్రతి మనిషి దగ్గరా మొదటి నుంచి ఉదాహరణలు నమోదు చేయాల్సిన అవసరం ఇలా తొలిసారి పెద్ద ఎత్తున తప్పింది.

మిగిలిన చిక్కులు

ప్రయోగశాలలో నూటికి తొంభై దాటే కచ్చితత్వం ఇంటి దగ్గర ఎందుకు నిలవదన్న ప్రశ్న 2000ల నుంచి వినిపిస్తోంది. పరీక్షలో వచ్చిన మార్కులకూ కృత్రిమ చేతితో పని చేసుకోగలగడానికీ సంబంధం బలహీనమని పలు అధ్యయనాలు చూపాయి. తొడుగు తీసి మళ్లీ వేసుకుంటే ఎలక్ట్రోడ్ కొద్దిగా జరుగుతుంది. చెమట పడితే చర్మం అడ్డంకి మారుతుంది. చెయ్యి కిందికి వేలాడదీసి నేర్పిన నమూనా చెయ్యి పైకెత్తగానే తప్పు చెబుతుంది, ఎందుకంటే అప్పుడు చేతి బరువు మోసే కండరాలు కూడా బిగుసుకుంటాయి. నేర్పేటప్పుడు చేతిని రకరకాల స్థితుల్లో ఉంచడం, కదలికను కొలిచే సెన్సర్‌ను జోడించడం, వాడుతున్నప్పుడే నమూనా తనను తాను సవరించుకోవడం వంటి మార్గాలు ఈ తప్పులను తగ్గించాయి, పూర్తిగా తీసేయలేదు. ఇంకో దారి మూలానికి వెళ్లేది: చర్మం మీద దగ్గరదగ్గరగా పదుల ఎలక్ట్రోడ్లు పరచి, కలిసిపోయిన సంకేతాన్ని విడదీసి, ఒక్కో మోటార్ యూనిట్ మోతను వేరుగా రాబట్టడం.

ధర మరో అడ్డంకి. దిగుమతి చేసుకునే బహుళ వేళ్ల మయోఎలక్ట్రిక్ చేతులకు భారతదేశంలో లక్షల రూపాయలు అవుతాయి. హైదరాబాద్‌లోని మేకర్స్ హైవ్ సంస్థ కల్‌ఆర్మ్ పేరుతో, ముంబయిలోని రోబో బయోనిక్స్ గ్రిప్పీ పేరుతో దేశంలోనే తక్కువ ధరకు కండర సంకేతంతో నడిచే చేతులు తయారుచేయడం ఈ కారణంగానే. లెక్క చేసే చిప్ ధర ఇప్పుడు కొద్దే. ఖర్చంతా మోటార్ల దగ్గర, కొలత ప్రకారం చేయాల్సిన తొడుగు దగ్గర, అమర్చాక వాడేవారి వెంట ఉండి నేర్పే మనుషుల దగ్గర ఉంటుంది.

యంత్రం మనిషిని నేర్చుకోవడం మొదలయ్యాక మనిషి నేర్చుకోవడం ఆగిపోలేదు. తన చెయ్యి ఎప్పుడు తప్పుతోందో గమనించి వాడేవారు తెలియకుండానే కండరం బిగించే తీరును సరిచేసుకుంటారు. ఆ మార్పును నమూనా మళ్లీ నేర్చుకోవాలి. ఇద్దరూ ఒకరికొకరు సర్దుకునే ఈ క్రమాన్ని అర్థం చేసుకుని దానికి తగినట్టు నేర్పే పద్ధతులను కనుగొనడమే ఇప్పుడు ఈ రంగంలో ముఖ్యమైన పరిశోధనాంశం.